కంచెల పెద్ద పదవి

"మూడో సవరణ. కంచెల పెద్ద పదవి రద్దు," అని చదివి లుసిండా కళ్ళజోడు పైనుంచి చూసింది. ఊరి చార్టరుకు, అంటే పాత నిబంధనల పుస్తకానికి, బూజు దులిపే సంఘానికి ఆమే అధ్యక్షురాలు. కంచె తగాదాలు తీర్చే ఆ పదవిలో ఉన్న ముసలాయన ఓర్విల్ టోపీ ఒళ్ళో పెట్టుకుని సభలో ముందు వరసలోనే కూర్చున్నాడు.

"పందొమ్మిదేళ్ళలో ఒక్క కంచె తగాదా రాలేదు. పనే లేని పదవి ఎందుకు, ఓర్విల్?"

"నిజమేనమ్మా, రాలేదు."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

జనం నవ్వారు.

"మంచు కరగ్గానే కంచెల వెంట నడుస్తాను. ఒరిగిన గుంజ కనబడితే నిలబెట్టి రెండు దెబ్బలు వేస్తాను."

"ఎవరూ అడక్కుండానే?"

"అడిగేదాకా ఆగితే అప్పటికే ఇరుగూ పొరుగూ మాటలు మానేసుంటారు."

"మా కంచె దగ్గరికి ఎన్నడూ రాలేదే?"

"ఏటా వచ్చాను. మీ మూల గుంజ పక్కింటి ఎల్‌వుడ్ పెరట్లోకి వాలుతుంది. ఈ ఏడు ముట్టుకోలేదు. పదవి తీసేస్తున్నారు కదా, నాకెందుకులే అని."

వెనక వరసలో ఎల్‌వుడ్ దిగ్గున లేచాడు. "నా బఠాణీ మడి మీద పడ్డ గుంజ నీదా లుసిండా? వారం నుంచి అడవి దుప్పిని తిడుతున్నాను!"

"నీ తీగలే దాన్ని లాగి ఉంటాయి!" లుసిండా కూడా లేచింది.

ఓర్విల్ టోపీ పెట్టుకుని గుమ్మం వైపు నడిచాడు.

"ఎక్కడికి?" అంది లుసిండా.

"సమ్మెట తెచ్చుకోవడానికి. ఇంకా ఓటు పడలేదుగా తల్లీ, అందాకా పదవి నాదే."

లుసిండా కూర్చుంది. మూడో సవరణ మీద అడ్డంగా గీత గీసి, "నాలుగోది," అంది.