కొమ్మ కొరికిన తల్లి

పుచ్చిన మద్ది మానులో ఒక నల్ల పెంకుపురుగు పిల్లలతో కాపురముండేది. చెక్కను తానే మెత్తగా నమిలి పిల్లల నోటికి అందించేది. పక్కనున్న తుమ్మచెట్టు మీద పొడుగు మీసాల పెంకుపురుగు ఒకటి కొమ్మ బెరడులో గుడ్లు పెట్టి, ఆ కొమ్మనే మొదలు దగ్గర చుట్టూ కొరుకుతూ నల్ల పురుగుకు కనబడింది.

"ఏం వదినా, పిల్లలున్న కొమ్మనే నరుకుతున్నావు? సాకే ఓపిక లేదా? నేనైతే నా పిల్లలకు ముద్ద నోట్లో పెడతాను" అంది నల్ల పురుగు.

"నా పిల్లలు ఎండుకట్టే తింటారు వదినా. పచ్చికొమ్మలో ఉంటే జిగురుకు ఊపిరాడక చచ్చిపోతారు. వాళ్లు గుడ్డులోంచి వచ్చేదాకా నేను బతకను. నా చేతనైంది ఇదొక్కటే" అంది మీసాల పురుగు, కొరకడం ఆపకుండానే.



కొన్నాళ్లకు ఆ కొమ్మ ఎండి, గాలికి విరిగి, మాను పక్కనే పడింది. మీసాల తల్లి అప్పటికే లేదు. కొమ్మలోంచి సన్నగా కొరుకుతున్న చప్పుడు వినబడింది.

"ఎవరమ్మా అక్కడ?" అని నల్ల పురుగు పిల్లలు అడిగాయి.

"పక్కింటి పిల్లలు, భోంచేస్తున్నారు" అంది నల్ల పురుగు. "వాళ్లమ్మ ముందే వడ్డించి వెళ్లింది."