కొత్తల అన్నం

కొత్త పంట ఇంటికొచ్చే కొత్తల పండగనాడు, ఇంటి రక్తం పంచుకున్న అందరికీ పెట్టాకే కొత్త సామల అన్నం తినాలి. చిలకమ్మకిక పెట్టడానికి ఎవరూ లేరు. ఒక్కతే కూర్చుని ముద్ద కలుపుకుంది.

అప్పుడే పాడేరు జీపు దిగి, ల్యాబులో పనిచేసే సోఫియా గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా, అప్పట్లో మీ అబ్బాయి దగ్గర తీసిన రక్తంలో, మలేరియాని ఆపే ప్రొటీన్ తయారుచేసే జన్యువు దొరికింది. మిమ్మల్ని అడక్కుండానే మా కంపెనీ దానిమీద పేటెంట్ తీసేసుకుంది. మీరు కేసు వెయ్యొచ్చు."

"గుంటడు పోయి ఏడాదైంది. ఆడి రగతం ఇంకా బతికుందేటి?"

"ఉందమ్మా. ఆ రక్తకణాల్ని సీసాల్లో పెంచుతున్నాం."

చిలకమ్మ నోటిదాకా ఎత్తిన ముద్దను ఆకులో పెట్టేసింది. కొంత అన్నం వేరే ఆకులో మూటగట్టి సోఫియా చేతికిచ్చింది.

"బేగి ఎల్లు తల్లీ. ఆడు తిన్నాడని ఫోన్ సెయ్యి. అందాకా నేను తినకూడదు."