ఎదురు ప్రశ్న

చప్పట్లు ఇంకా ఆగనేలేదు. వెనక బెంచీ మీంచి ఎవరో, "నాకేం అర్థం కాలేదమ్మా" అన్నారు.

యువజన సంఘం గది ఒక్కసారిగా చల్లబడిపోయింది.

మాట్లాడేవాళ్లను మధ్యలో ఆపకూడదు, అయ్యాక చప్పట్లు కొట్టాలి. ఆ సంఘం పెట్టుకున్న మొదటి నియమం అది. నోరు విప్పాలంటేనే వణికిపోయే పల్లెటూరి పిల్లలకు ధైర్యం రావాలంటే అంతకంటే వేరే దారి లేదనుకున్నారు. అందుకే అక్కడ చప్పట్లకు కరువు లేదు. నిలదీయడం మాత్రం ఎవరికీ అలవాటు కాలేదు.

ఉపన్యాసం ఇచ్చింది పాలకేంద్రంలో పనిచేసే అమ్మాయి. అందరూ 'మైకు' అంటారు. పక్కవాళ్లకు కూడా గొంతు వినిపించదని ఒకప్పుడు వెక్కిరింతగా పెట్టిన పేరు. ఇప్పుడామె సంఘానికి అధ్యక్షురాలు. అయినా ఆ పేరు వదల్లేదు.

మర్నాడు ఉదయం ఊరి సభలో ఇదే ఉపన్యాసం ఇవ్వాలి. సంఘం వాడుకుంటున్న గదిని తనకు గోదాముగా ఇమ్మని ఎరువుల కొట్టు యజమాని అడిగాడు. సభలో ఎక్కువమంది ఎటు చేతులెత్తితే గది అటు పోతుంది. గది పోతే సంఘమూ పోయినట్టే.

వెనక బెంచీ మీదున్నది ఎవరికీ తెలియని పెద్దమనిషి. నలిగిన చొక్కా, ఒళ్లో తడి గొడుగు. వానకు తలదాచుకోవడానికి వచ్చాడనుకున్నారు.

"ఏం అర్థం కాలేదండీ?" అంది మైకు, ఓపిక తెచ్చుకుని.

"భావవ్యక్తీకరణ అన్నావు. నాయకత్వ లక్షణాలన్నావు. సమగ్ర వికాసం అన్నావు. ఇంతకీ ఈ గదిలో మీరు చేసేదేంటి?"

"మాట్లాడటం నేర్చుకుంటామండీ."

"మాట్లాడటం రానిదెవరికమ్మా? మా ఇంట్లో అయితే ఆపడమే కష్టం."

ఎవరో కిసుక్కున నవ్వారు. మైకుకి చెవులు వేడెక్కాయి.

"సరే, దానివల్ల ఊరికేం ఒరిగింది?"

మైకు బట్టీపట్టిన ఉపన్యాసంలో దానికి జవాబు లేదు.

ఊళ్లో బట్టలు కుట్టే ఆవిడ, అందరూ 'కుట్టుమిషను వదిన' అనే ఆవిడ, లేచి నిలబడింది.

"పెద్దాయనా, తెల్లారితే సభ. ఇప్పుడు ఈ పిల్లని ఎందుకు బెదరగొడతారు?"

ఆయన వదిన వైపు చూడనైనా చూడలేదు.

"తాళంచెవి నీ దగ్గరే ఉంటుందటగా? ఊరి గదికి మీరు తాళం వేసుకోవడమేంటి? మీ జట్టు తప్ప ఇంకెవరినైనా రానిస్తారా?"

మైకుకి ఒళ్లు మండిపోయింది. ఆ మాట నిజం కాబట్టి మరీ మండింది.

"పనిలేక వంకలు పెట్టేవాళ్ల కోసం కాదండీ ఈ గది. దయచేసి బయటికి వెళ్లండి."

"వాన పడుతోందమ్మా."

"గొడుగుంది కదా."

ఆయన గొడుగు తీసుకుని లేచాడు. గుమ్మం దగ్గర మాత్రం ఆగాడు. "ఇప్పుడు నీ గొంతు బాగా వినిపిస్తోంది" అని వానలోకి దిగి వెళ్లిపోయాడు.

"పీడ విరగడైంది" అన్నారెవరో.

విరగడ కాలేదు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నా మైకుకి అవే ప్రశ్నలు. ఆయన్ని తిట్టుకుంటూనే జవాబులు వెతుక్కుంది.

మర్నాడు సభ కిటకిటలాడింది. ఎరువుల కొట్టు యజమాని ముందు వరసలో కూర్చుని మాటిమాటికీ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూస్తున్నాడు. చివరికి విసుగ్గా తనే లేచాడు.

"ఇంతకీ ఆ గదిలో మీరు చేసేదేంటి?"

నిన్న పెద్దాయన అడిగిన ప్రశ్నే అది.

మైకు ఉపన్యాసం కాగితాన్ని మడిచి పక్కన పెట్టేసింది.

"ఒకళ్ల మాట ఒకళ్లం వినడం నేర్చుకుంటామండీ. అరవకుండా అడగడం నేర్చుకుంటాం."

"దానివల్ల ఊరికేం ఒరిగింది?"

"ఆసుపత్రికి వెళ్లే బస్సు మన ఊళ్లో ఆగేది కాదు. పెద్దలు డిపోకి వెళ్లి పోట్లాడి వచ్చారు. అయినా ఆగలేదు. తర్వాత మా కుట్టుమిషను వదిన వెళ్లింది. సంఘంలో చేరకముందు కొత్తవాళ్ల ముందు తలెత్తని మనిషి. నిండు నెలలతో మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్తే ఎలా ఉంటుందో మేనేజరుకి నెమ్మదిగా చెప్పింది. అంతే. ఇప్పుడు మీ ఇంట్లోవాళ్లు ఎక్కుతున్నది ఆ బస్సే."

యజమాని గొంతు సవరించుకున్నాడు.

"మరి తాళం సంగతి? ఊరి గదికి మీరు తాళం వేసుకోవడమేంటి?"

మైకు తాళంచెవి తీసి సభ పెద్ద ముందున్న బల్ల మీద పెట్టింది.

"అది మా తప్పేనండీ. నిన్న ఒక పెద్దాయన అదే అడిగితే ఆయన్ని వానలోకి పంపేశాను. ఇకమీదట ఆ తలుపు అందరికీ తెరిచే ఉంటుంది. ప్రశ్నలు అడిగేవాళ్లకి మరీను."

చేతులు లేచాయి. లెక్కపెట్టే పని కూడా పడలేదు. గది సంఘానికే మిగిలింది.

వదిన ఏడుస్తూ ఆమెను వాటేసుకుంది. మైకు కళ్లు మాత్రం జనంలో నిన్నటి పెద్దాయన కోసం వెతుకుతున్నాయి. కాళ్లు పట్టుకునైనా క్షమించమని అడగాలనిపించింది.

బయట యజమాని ముఖం వేలాడేసుకుని నిలబడ్డాడు.

"ఎవరి కోసమమ్మా వెతుకులాట?"

"నిన్న మా గదికి ఒకాయన వచ్చారండీ. నలిగిన చొక్కా, చేతిలో గొడుగు. మీరేమైనా చూశారా?"

యజమాని ఆమెను ఎగాదిగా చూసి, పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"నా తరఫున వాదించమని పట్నం నుంచి పిలిపించుకున్న ప్లీడరమ్మా ఆయన. 'ఆ పిల్లని అడగాల్సినవన్నీ నిన్ననే అడిగేశాను, జవాబులు వెతుక్కునే ఉంటుంది, ఇక మీరే అడగండి' అని నాకూ అవే ప్రశ్నలు చెప్పి, పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయాడు."