పాత గెజిట్ల వెనక

లిఖిత పాత గెజిట్ల వెనక్కి చెయ్యి పెట్టి ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకాన్ని సగం బయటికి లాగింది. కాలేజీ లైబ్రరీలో ఉన్నది ఆ ఒక్క కాపీ. కొత్తది కొంటే ఎనిమిది వందలు. అందుకని సెమిస్టరు మొదలైనప్పటి నుంచి రోజూ చదువుకుని, మళ్లీ అక్కడే దాచి వెళ్తోంది.

"ఏటే, గెజిట్లు సదివేత్తన్నావు? కలెక్టరువైపోతావేటి?"

క్లాస్‌మేట్ రూతు. పది రోజులుగా కాలేజీకి రాలేదు. లిఖిత పుస్తకాన్ని లోపలికి తోసేసింది.

"ఇన్నాళ్లూ ఏటైపోయావే? జొరమా?"

"జొరం నేదు, గిరం నేదు. పలాసలో మాయమ్మతో జీడిపిక్కల పేక్టరీలో కూలి పనికెల్లినాను."

రూతు సంచిలోంచి కొత్త ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇక్కడ ఎన్నిసార్లు ఎతికినా దొరకనేదు కదా. కొనీసినాను."

జీడి నూనె తగిలి ఆమె వేళ్ల చివర చర్మం నల్లబడి, పొరలుగా లేచి ఉంది.

"మరి ఇంటర్నల్ పరీచ్చ? రాయనేదు కదే!"

"పుత్తకం నేకుండా రాసేదేటే? పోతే పోనీ. సోమారం నుంచి సెమిస్టరు పరీచ్చలు. ఈ రెండ్రోజులూ నువ్వట్టుకెల్లి సదూకో. కెమిస్ట్రీ ఆకర్న కదా, తరవాత నాను సదూకుంటాను."

"నాకొద్దే."

"మొగమాటమేటే నాకాడ? నీకూ పుత్తకం నేదు కదా."

రూతు అట్ట తిప్పి చూపించింది. మొదటి పేజీలో రెండు పేర్లు రాసి ఉన్నాయి. ముందు లిఖిత, కింద రూతు.

లిఖిత చెయ్యి చాచలేదు.