నాలుగు వేళ్ళ చోటు

మా అబ్బాయి ఉద్యోగం పోయి ప్రాణం తీసుకున్న నెలకి, ఆఫీసు కంప్యూటరు పట్టుకెళ్ళడానికి వాడి ఆఫీసరు వచ్చాడు.

“మావాణ్ణి పనిలోంచి ఎందుకు తీసేశారు బాబూ?” అని అడిగాను.

“కంప్యూటరు తెర అంచుల్లో ఉండే పట్టీలూ అవీ పోను, తెరిచిన విండోలకి ఎంత చోటు మిగులుతుందో లెక్కగట్టే ప్రోగ్రాము రాయడం, ఆఖరి నెలలో అతనికిచ్చిన పనమ్మా. ఏ కంప్యూటరుకి ఆ కంప్యూటరులోనే కొలవాలి. మీవాడు తన తెరమీది కొలతే అందరికీ పెట్టేశాడు, తన గుమ్మం కొలిచి ఊరందరికీ తలుపులు చేసినట్టు! అందరికీ కుడిపక్క నాలుగు వేళ్ళ చోటు దండగ,” అని నవ్వాడు.

కంప్యూటరు ఆన్ చేసి చూసేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. తెరమీద కుడిపక్క సరిగ్గా నాలుగు వేళ్ళ మేర, పక్కగదిలో నా మంచం కనబడుతోంది. నేను కాళ్ళు పడిపోయి మంచాన పడ్డ రోజే వాడు ఆ గది గోడకి కెమెరా బిగించాడు.

“మిమ్మల్ని చూసుకుంటూ పనిచేశాడన్నమాట. ఆ చోటునీ పట్టీలతోపాటు లెక్కలోంచి తీసేశాడు పాపం,” అన్నాడాయన. తర్వాత నా కాళ్ళవంక చూశాడు. “బానే నడుస్తున్నారే! ఎప్పుడు తగ్గిందమ్మా?”

“ఈమధ్యే బాబూ,” అన్నాను.

వాడు పోవడానికి మూడు నెలల ముందే తగ్గింది. లేచానంటే పక్కన కూర్చుని నా తల దువ్వడం మానేస్తాడని చెప్పలేదు. వాడు బయటికి వెళ్ళినప్పుడే లేచి తిరిగేదాన్ని.