ఏడు దాటితే

చెంప ఛెళ్ళుమన్న చప్పుడుకి నీలంజట్టు పిల్లలంతా తలలు తిప్పారు.

"కాలు వంకర పోయిందేమే? కళ్ళు నెత్తికెక్కాయా?" అంటూ ఎర్రజట్టు కోచ్ పిచ్చుకని జడ పట్టుకుని గోడకేసి నెట్టాడు. పదేళ్ళ పిల్ల. తేలిగ్గా ఎగురుతుందని ఆ పేరు పెట్టారు. ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే రెండోది పడుతుందని దానికి బాగా తెలుసు.

జడ్జీల బల్ల దగ్గర టైలరమ్మ కుర్చీలోంచి సగం లేచింది. పగలంతా కుట్టుమిషను తొక్కి, సాయంత్రాలు జిమ్నాస్టిక్స్ జడ్జీ పని నేర్చుకుంటున్న మనిషి. ఆమెకి ఇటూ అటూ ఇంకో ఇద్దరు కొత్తవాళ్ళు, డ్రిల్లు మాస్టారూ, ఒక నర్సూ. వాళ్ళకి మార్కులు వెయ్యడం అలవాటు కావాలనే ఇవాళ రెండు జట్లకీ ఈ స్నేహపూర్వక పోటీ పెట్టారు. స్నేహమట, స్నేహం!

"కూర్చో," అంది పెద్దావిడ. కొత్త జడ్జీలకి పాఠం చెప్పేది ఆవిడే. కోచ్‌కి కన్నతల్లి కూడా. "నువ్వు చూడాల్సింది బీమ్ మీద జరిగేది. గోడ దగ్గర జరిగేది కాదు."

"అది కాదండీ, పసిపిల్లని పట్టుకుని..."

"కూర్చోమన్నానా! చూసింది చూసినట్టు వెయ్యండి. జాలికి మార్కుల్లేవు, కోపానికీ లేవు. అబద్ధపు మార్కు వేసినవాళ్ళు మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదు."

టైలరమ్మ పళ్ళు బిగించి కూర్చుంది. ఇక్కడి పద్ధతి అది. ముందు కొత్తవాళ్ళు ముగ్గురూ తమ మార్కు రాసిన పలకలు ఎత్తాలి. ఆఖర్న పెద్దావిడ లేచి తన మార్కు నోటితో చెబుతుంది. లెక్కలోకి వచ్చేది అదొక్కటే. మిగతావాళ్ళ మార్కులు చీవాట్లు తినడానికే.

నర్సు పక్కకి వంగి గొంతు తగ్గించింది. "ఆ పిల్ల వాళ్ళ నాన్నతో మాట్లాడారా?"

"మాట్లాడాను. ఆట బట్టలకి కొలతలు తీస్తుంటే వీపు చూశాను, తాడు దెబ్బలయ్యా, వీపంతా తట్లు తేలి ఉంది అని చెప్పాను. దెబ్బలు తినకుండా పతకాలొస్తాయా అక్కా, అన్నాడు."

ఆ తండ్రి లారీ డ్రైవరు. పిల్ల బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని గ్యాలరీలో కూర్చున్నాడు. ఎర్రజట్టు గెలిస్తే పిల్లని ఇవాళే కోచ్ హాస్టల్లో వదిలేస్తానన్నాడు. ఓడితే తనతో తీసుకుపోయి బడిలో వేస్తానన్నాడు. ఈ మాట పొద్దున్నే అందరి ముందూ ఖాయమైంది.

పోటీ ఆఖరికొచ్చింది. మిగిలింది పిచ్చుక ఒక్కతే. దానికి ఏడు దాటితే ఎర్రజట్టుదే గెలుపు.

కోచ్ పిల్ల చిటికెనవేలు పట్టుకుని వెనక్కి వంచాడు. "పడ్డావో, ఇది విరిచి చేతిలో పెడతా. వెళ్ళు!"

పిచ్చుక బీమ్ ఎక్కింది. అరచేతి వెడల్పు లేని ఆ దూలం మీద పల్టీ కొట్టింది, ఒంటికాలి మీద తిరిగింది, గాల్లోకి లేచి చాప మీద నిటారుగా దిగింది. ఒళ్ళు తొణకలేదు. తల్లీ, ఒక్కసారి తూలకూడదటే అనుకుంది టైలరమ్మ.

పలకలు లేచాయి. డ్రిల్లు మాస్టారిది తొమ్మిది. నర్సుదీ తొమ్మిదే.

టైలరమ్మది ఆరు.

"ఏయ్!" కోచ్ ఒక్క ఉదుటున బల్ల మీద పడ్డాడు. పలక లాక్కుని దాంతోనే ఆమె మొహం మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం చీర మీద పడింది. అడ్డొచ్చిన డ్రిల్లు మాస్టారి కడుపులో మోకాలితో పొడిచాడు. ఆయన కుర్చీతో సహా వెనక్కి పడిపోయాడు. "గుడ్డలు కుట్టుకునేదానికి మార్కులెందుకే? ఏం చూసి వేశావు ఆరు?" అంటూ జుట్టు పట్టుకుని ఆమె తలని బల్లకేసి మోదాడు. నర్సు కేకలు పెట్టింది. నీలంజట్టు కోచ్ మరొకతన్ని తోడు తెచ్చుకుని, ఇద్దరూ కలిసి ఎర్రజట్టు కోచ్ రెక్కలు విరిచి పట్టుకున్నారు.

పెద్దావిడ కూర్చున్న చోటినుంచి కదల్లేదు.

"అమ్మా! నువ్వు చెప్పు!" రొప్పుతూ అరిచాడు కోచ్. "తాడుతో కొట్టి కొట్టి నన్ను ఆటగాణ్ణి చేసింది నువ్వు కాదూ? నేను చేసేదీ అదేగా! చెప్పు నీ మార్కు!"

పెద్దావిడ కొడుకు కేసి చూసింది. తర్వాత టైలరమ్మ వైపు తిరిగింది. "పిల్ల ఎక్కడ తప్పింది?"

టైలరమ్మ కొంగుతో నోరు అదుముకుంది. ఆవిడ ముందు అబద్ధం రాలేదు. "ఎక్కడా తప్పలేదండీ."

"మరి ఆరెందుకు వేశావు?"

"ఓడితే ఇంటికి పోతుందని. బతికి ఉంటుందని."

"విన్నారా? ఒప్పుకుంది!" కోచ్ పగలబడి నవ్వాడు. "ఇన్నేళ్ళలో మా అమ్మ ఒక్క అబద్ధపు మార్కు వెయ్యలేదు. దేవుడు దిగొచ్చి అడిగినా వెయ్యదు. ఆ సంచీ హాస్టలుకి పంపించెయ్ డ్రైవరూ!"

డ్రైవరు సంచీ పట్టుకుని గ్యాలరీ మెట్లు దిగడం మొదలుపెట్టాడు. చాప మీద నిలబడ్డ పిచ్చుక వాచిన వేలిని చంకలో దాచుకుంది. ఇక అయిపోయిందనుకుని టైలరమ్మ కళ్ళు మూసుకుంది.

పెద్దావిడ బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"ఐదు," అంది.