రబ్బరు గొట్టం

పోలీసు యాక్షన్ అయిపోయినా ఇబ్రహీంపట్నం అవతలి క్యాంపుల లాఠీలు ఆగలేదు. పట్టుబడ్డ సంఘపోడు నారయ్యకు, తిన్న దెబ్బలకు ఉచ్చ బందైంది. పొట్ట కుండలెక్క ఉబ్బింది. నర్సు సుసన్నను పిలిపించిన్రు.

ఆమె ఉచ్చ తీసే రబ్బరు గొట్టం ఉడకబెట్టి గిన్నెల తెచ్చింది. జమేదార్ గిన్నెకు లాఠీ అడ్డం పెట్టిండు.

"తుపాకులు ఎవరింట్ల దాచిన్రో చెప్పినంకనే."

నారయ్య సుసన్న మొఖం దిక్కు చూసిండు. పండ్లు బిగవట్టి తల అడ్డంగ ఊపిండు.

పొత్తికడుపు మీద ఉడుకుబట్టతో కాపుతుంటె ఆమెకు ఏడుపొచ్చింది. "చెప్పు నారయ్యన్నా. లోపల పలిగితే సస్తవ్. ఎవరి కోసం గిట్ల ఓర్సుకుంటున్నవ్? వాళ్లు నీ కోసం ఓర్సుకుంటరా?"

నొప్పికి ఆగలేక అరిసిండు. "నీ కోసమే సెల్లె! నీకు తెల్వదు. మీ ఇంటి అటక మీదనే ఉన్నయ్. నీ పెనిమిటే దాసిండు."

జమేదార్ లాఠీ తీసిండు. "ఇగ పెట్టు."

పెట్టింది. అంత నిండినంక ఒక్కసారే ఖాళీ చేస్తే ప్రాణం మీదికొస్తది. బూట్లు తన ఇంటి దిక్కు ఉరుకుతుంటే, సుసన్న గొట్టాన్ని వేళ్లతో నొక్కిపట్టి, కొద్దికొద్దిగ వదులుకుంట కూసుంది.